ఫాండ్యూ పార్టీ కిట్ కొంటున్నారా? గిన్నె కింద ఏ మంట ఇచ్చారో ముందు చూడండి

పిల్లల పుట్టినరోజుకో, కొత్త సంవత్సరానికో ఇంట్లో చాక్లెట్ ఫాండ్యూ (కరిగించిన చాక్లెట్‌లో పళ్లు, కేకు ముక్కలు ముంచుకు తినేది) పెడదామని ఆన్‌లైన్‌లో "ఆల్ ఇన్ వన్" పార్టీ కిట్ వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. పింగాణీ గిన్నె, ఇనుప స్టాండు, స్పిరిట్ బర్నర్, చిన్న సీసాలో ఇంధనం, పొడవాటి ఫోర్కులు, అర కిలో "డార్క్ చాక్లెట్" పలక, ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మే రకం అది. మేం తెప్పించిన కిట్‌లో గిన్నె మంట మీద ఉండగానే అడుగు పగిలింది. కరిగిన చాక్లెట్ నేరుగా బర్నర్ మీదకి కారింది. బల్ల చుట్టూ పిల్లలు కూర్చుని ఉన్నారు.

ఎవరికీ ఏమీ కాలేదు. టక్కుమని శబ్దం వినగానే మా వదిన పిల్లల్ని వెనక్కి లాగేసింది. నేను వంటింట్లోంచి స్టీలు గిన్నె తెచ్చి బర్నర్ మీద బోర్లించాను. ఇలాంటప్పుడు చాలామందికి చేతికందిన నీళ్లు పోసేయాలనిపిస్తుంది. పోయకండి. మండుతున్న ద్రవం చిమ్మి బల్ల మీద, బట్టల మీద పడే ప్రమాదం ఉంది. గాలి అందకుండా మూసేస్తే మంట దానంతట అదే ఆరిపోతుంది. బర్నర్‌తో పాటు దాన్ని ఆర్పే మూత ఇవ్వాలి. మా పెట్టెలో అది లేదు. ఇంధనం సీసా మీద లేబుల్ కూడా లేదు. లోపల ఉన్నది స్పిరిటో, జెల్లో, ఇంకేమిటో చెప్పే ఒక్క అక్షరం లేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వచ్చిన జవాబు: "మేడమ్, అది డెకరేటివ్ పీస్ అండీ, డైరెక్ట్ ఫ్లేమ్ మీద పెట్టకూడదు." వాళ్ల ప్రకటనలోనే గిన్నె కింద మంట వెలుగుతున్న ఫొటో ఉంది. పెట్టె మీదా అదే బొమ్మ. మంట మీద పెట్టకూడని గిన్నెకి బర్నర్ ఎందుకు ఇచ్చారని అడిగితే మళ్లీ జవాబు లేదు. కొన్నాళ్లకి ఆ ప్రకటనలో ఫొటో మారిపోయింది, మంట లేని బొమ్మ పెట్టారు. అందుకే చెబుతున్నాను, ఏది కొన్నా ఆర్డర్ చేసే రోజే ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత మీ చేతిలో ఉండే రుజువు అదొక్కటే.

గిన్నె ఎందుకు పగిలిందో అర్థం కావాలంటే ఫాండ్యూ గురించి కొంచెం తెలియాలి. అసలు ఫాండ్యూ స్విట్జర్లాండ్ వాళ్లది, చీజ్‌తో చేస్తారు. దానికి వాడే గిన్నె మందమైన మట్టి పాత్ర, కింద స్పిరిట్ మంట పెట్టినా తట్టుకునేలా చేస్తారు. నూనెలో మాంసం ముక్కలు వేయించుకునే రకం ఇంకొకటి ఉంది, దానికి లోహపు గిన్నె, పెద్ద మంట కావాలి. చాక్లెట్ ఫాండ్యూ వీటి తర్వాత వచ్చింది. 1964లో న్యూయార్క్‌లోని షాలే స్విస్ అనే రెస్టారెంట్‌లో కోన్రాడ్ ఎగ్లీ దాన్ని మొదలుపెట్టాడని చెబుతారు. దీనికి కావాల్సింది చిన్న పింగాణీ గిన్నె, కింద ఒక టీ లైట్ కొవ్వొత్తి. అంతకు మించి వేడి అక్కర్లేదు.

చాక్లెట్‌ని ఉడికించడం మన పని కాదు, కరిగినదాన్ని గోరువెచ్చగా ఉంచితే చాలు. కోకో బటర్, అంటే కోకో గింజల్లోని కొవ్వు, దాదాపు 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, అంటే మన ఒంటి వేడికి కరిగే సరుకు అది. డార్క్ చాక్లెట్ 50 డిగ్రీల చుట్టుపక్కల, మిల్క్, వైట్ చాక్లెట్లు 45 దాటకుండా చూసుకోవాలి. ఆపైన ముద్ద కట్టడం, అడుగంటడం, మాడు వాసన మొదలవుతాయి. ఇలాంటి సున్నితమైన సరుకు కింద చీజ్ ఫాండ్యూకి వాడే స్పిరిట్ బర్నర్ పెట్టారు ఆ కిట్‌లో. గిన్నె ఒక రకానిది, మంట ఇంకో రకానిది. పల్చటి పింగాణీకి అడుగున ఒకే చోట పెద్ద మంట తగులుతుంటే, అంచులు ఇంకా చల్లగా ఉంటాయి. అడుగు సాగుతుంది, అంచు సాగదు. ఆ లాగుడుకే బీట పడుతుంది. తయారీలో ఏ చిన్న లోపం ఉన్నా ఇంకా త్వరగా పడుతుంది. కాబట్టి ఇది మా ఒక్క గిన్నెకు పట్టిన దురదృష్టం అనుకోకండి. ఆ జతే తప్పు. ఏ బ్రాండు పేరుతో వచ్చినా, పల్చటి పింగాణీ గిన్నెకి స్పిరిట్ బర్నర్ జత చేసి అమ్ముతుంటే కొనొద్దు.

ఇంధనం విషయం ఇంకా భయపెట్టేది. స్పిరిట్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే, ఆ ధార వెంట మంట సీసాలోకి ఎగబాకి, ఎదురుగా కూర్చున్నవాళ్ల మీదకి జ్వాలలా చిమ్ముతుంది. అలంకరణ దీపాల్లో పోసే జెల్ ఇంధనంతో సరిగ్గా ఇలాంటి ప్రమాదాలు జరిగి, ప్రాణాలు కూడా పోయాక, 2011లో అమెరికాలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించింది. వెలుగుతున్న, లేదా ఇంకా వేడిగా ఉన్న బర్నర్‌లో మళ్లీ పోయడమే ఆ ప్రమాదాలకు పెద్ద కారణం. పైగా కొన్ని రకాల స్పిరిట్‌లలో మిథనాల్ ఉంటుంది. పిల్లలు పొరపాటున మింగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటి ద్రవాన్ని లేబుల్ లేని సీసాలో, చాక్లెట్ పలక పక్కనే సర్ది, పిల్లల పార్టీ సామాను అని అమ్ముతున్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. మీ ఇంట్లో ఇప్పటికే అలాంటి సీసా ఉంటే పిల్లలకు అందనిచోట, పొయ్యికి దూరంగా పెట్టండి.

ఇక ఆ చాక్లెట్ సంగతి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో "ప్రీమియం డార్క్" అని ఉంది. లోపలి పలకకు అంటించిన చిన్న స్టిక్కర్ మీద పదార్థాల వరుస చదివితే మొదట చక్కెర, తర్వాత హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్, ఆ తర్వాతే కోకో పొడి. కోకో బటర్ ఊసే లేదు. అది కాంపౌండ్. బేకరీల్లో కేకుల మీద పూతకు వాడే సరుకు. కాంపౌండ్ అమ్మడం తప్పని నేను అనను, కేకు అలంకరణకు అది సులువుగా ఉంటుంది, చాలామంది ఇంటి బేకర్లు వాడతారు. కాంపౌండ్‌ని కాంపౌండ్ అని రాసి, ఆ ధరకే అమ్మితే పేచీ లేదు. "ప్రీమియం డార్క్ చాక్లెట్" అని పేరు పెట్టడమే మోసం. ఫాండ్యూలో తేడా వెంటనే తెలిసిపోతుంది. అసలు చాక్లెట్ నోట్లో పెట్టగానే కరిగి జారిపోతుంది, ఇది మైనంలా నాలుక మీద పొరగా మిగిలిపోయింది. అరటిపండు ముక్క మీద రెండు నిమిషాల్లో గట్టిపడి పెచ్చులుగా ఊడింది.

పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి, ఇది నియమం. అందుకే పెట్టె ముందు వైపు బొమ్మ చూడకండి, వెనక చిన్న అక్షరాలు చదవండి. కోకో మాస్ (రుబ్బిన కోకో గింజల ముద్ద), కోకో బటర్ అని ముందు వరుసలో ఉంటే అది చాక్లెట్. వాటి బదులు పామ్ కెర్నెల్ ఆయిల్, హైడ్రోజనేటెడ్ ఫ్యాట్ అని ఉంటే కాదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ 14 అంకెలు ఉండాలి, తయారీ తేదీ, తయారుచేసినవాళ్ల చిరునామా ఉండాలి. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదని 2022 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. లేబులే సరిగ్గా లేని పలకలో అదెంత ఉందో మనకెలా తెలుస్తుంది? ధర కూడా ఒక గుర్తే. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. ధర ఎప్పుడెలా ఉన్నా, గిన్నె, బర్నర్, ఫోర్కులతో కలిపి అర కిలో "ప్రీమియం డార్క్" కారుచౌకగా ఇస్తున్నారంటే అందులో కోకో ఎంత ఉంటుందో ఆలోచించండి. మనం కోకో తెలియనివాళ్లం కూడా కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. ఆ గింజలతో చేసిన మంచి డార్క్ చాక్లెట్ ఇప్పుడు మనకు దొరుకుతోంది కూడా.

ఫాండ్యూ చేసుకోవద్దని కాదు నా మాట. కిట్ లేకుండానే చక్కగా చేసుకోవచ్చు, మంటతో పనే లేదు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరగండి. టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్ 150 మిల్లీలీటర్లు చిన్న గిన్నెలో వేడి చేయండి. అంచుల్లో బుడగలు రాగానే దించేసి చాక్లెట్ తురుము మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి, తర్వాత మధ్యలోంచి మెల్లగా కలపండి. నున్నగా, మెరుస్తూ వస్తుంది. గట్టిగా అనిపిస్తే ఇంకో రెండు చెంచాల వెచ్చటి క్రీమ్ వేయండి. బల్ల మీద వెచ్చగా ఉంచడానికి వెడల్పాటి స్టీలు గిన్నెలో వేడి నీళ్లు పోసి, అందులో ఈ గిన్నె దించండి. నీళ్లు చల్లారితే మార్చుకోండి. పిల్లలున్న ఇంట్లో ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. చూడటానికి కిట్ అంత అందంగా ఉండదేమో, కానీ చెయ్యి తగిలితే కాలే మంట ఉండదు.

క్రీమ్ లేకుండా ఉత్త చాక్లెట్‌నే కరిగిస్తుంటే అందులో ఒక్క నీటి చుక్క పడనివ్వకండి, మొత్తం గరుకు ముద్దగా బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే పారేయక్కర్లేదు, వెచ్చటి క్రీమ్ ధారగా పోస్తూ కలిపితే చాలావరకు విడుతుంది. పళ్లు కడిగాక పొడి గుడ్డతో పూర్తిగా తుడవాలి. అరటిపండు, స్ట్రాబెర్రీ, గుజ్జు గట్టిగా ఉన్న జామ, స్పాంజ్ కేకు ముక్కలు బాగుంటాయి. లంబసింగి వైపు పండే స్ట్రాబెర్రీలు చలికాలంలో దొరికితే అంతకంటే ఏం కావాలి! పుచ్చకాయ లాంటి నీళ్లు కారే పళ్లు వద్దు. మార్ష్‌మాలో పెట్టేవాళ్లు పాకెట్ మీద గుర్తు చూసుకోండి. చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది శాకాహారం కాదు. వచ్చిన అతిథుల్లో తిననివాళ్లు ఉంటారు. పొడవాటి ఫోర్కుల మొనలు సూదిగా ఉంటాయి కాబట్టి పిల్లలకు వాటితో ముంచి, మామూలు చెంచాతో తినిపించడం నయం. క్రీమ్ ఉంది కనుక మిగిలింది బయట వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.

గిన్నె, స్టాండు కావాల్సిందే అనుకుంటే టీ లైట్ రకం తీసుకోండి. గిన్నె అడుగు మందంగా ఉందో లేదో చూడండి. ఆహారానికి వాడవచ్చని రాసి ఉందా, మంట మీద పెట్టవచ్చని రాసి ఉందా అని రెండూ విడివిడిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. లోపలి వైపు మెరిసే రంగుల పూత ఉన్న అలంకరణ పింగాణీ వద్దు, కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, అది తిండిలోకి దిగే ప్రమాదం ఉంది.

ఇప్పటికే ఇలాంటి కిట్ కొని మోసపోయినవాళ్లు ఊరుకోకండి. ముందు అమ్మిన వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. లేబుల్ లేని తిండి సరుకు గురించి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ పోర్టల్‌లో విడిగా ఫిర్యాదు పెట్టండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. పగిలిన ముక్కలు, ఇంధనం సీసా, పలక చుట్టిన కాగితం, బిల్లు, ఏవీ పారేయకండి. మేం అన్నీ ఒక డబ్బాలో పెట్టి ఉంచాం, మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. ఈలోగా మీ బంధువుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఎవరైనా అలాంటి పెట్టె తెప్పించుకుని ఉంటే, బర్నర్ వెలిగించకముందే వాళ్లకు ఈ మాట చేరవేయండి.