బడి సంచి, భుజాల నొప్పి: పర్లాకిమిడిలో పిల్లలకు ఒక పూట శిక్షణ

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ వారు హైస్కూలు పిల్లలకు సెలవు రోజున ఒక పూట ఇచ్చే భుజాల నొప్పి నివారణ శిక్షణకు మా అమ్మాయిని తీసుకువెళ్లాను. కట్టిన రుసుముకు న్యాయం జరిగిందనే చెప్పాలి.

అన్నిటికన్నా నచ్చినది ఆరంభమే. ఉపన్యాసం జోలికి పోకుండా, రోజూ మోసే సంచినే తెమ్మని ముందుగా చెప్పి, మొదట పిల్లలను, తరువాత సంచులను తూచారు. సంచి బరువు విద్యార్థి బరువులో పదో వంతుకు మించరాదని కేంద్రం 2020లో ప్రకటించిన విధానం చెబుతోంది. ఆ లెక్కన 42 కిలోల మా అమ్మాయి మోయదగినది 4.2 కిలోలు కాగా, కాటా ముల్లు 7 దాటింది. సంచి బోర్లించగా ఆనాటి టైంటేబుల్లో లేని గైడ్లు, ట్యూషన్ నోట్సులు, నిండు లీటరు నీళ్ల సీసా బయటపడ్డాయి. నీళ్లే ఒక కిలో అన్న సంగతి అక్కడున్న పిల్లలెవరికీ తట్టినట్టు లేదు.

తరువాత బరువైన పుస్తకాలు వీపుకు ఆనేలా సర్దించి, సంచి నడుము కిందికి జారకుండా రెండు పట్టీలూ సమంగా బిగించి నడిపించారు. బరువు వీపుకు దూరమైనకొద్దీ ఒళ్లు ముందుకు వంగుతుందనీ, ఒక్క భుజానికే తగిలించుకుంటే పట్టీ జారకుండా ఆ భుజాన్ని ఎత్తిపట్టవలసివచ్చి మెడ పక్క కండరం అలసిపోతుందనీ అద్దం ముందు నిలబెట్టి చూపడంతో, స్టైలు కోసం ఒంటి పట్టీతో తిరిగే కుర్రాళ్లు సైతం వాదించలేదు. చేతులు తిమ్మిరెక్కుతుంటే ఇంట్లో దాచకుండా చెప్పి డాక్టరుకు చూపించుకోవాలని గట్టిగా హెచ్చరించారు.

లోపాలూ ఉన్నాయి. బోధన తెలుగు, ఒడియా కలగలిపి చక్కగా సాగినా, ఇంటికిచ్చిన కాగితం ఒడియా, ఇంగ్లీషులలోనే ఉంది. ఒడియా ధారాళంగా మాట్లాడుతూ చదవలేని తెలుగువాళ్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. వ్యాయామాలను చివర్లో హడావుడిగా ముగించారు. సైకిలు మీద వెళ్లే పిల్లలు సంచిని క్యారియరుకు కట్టుకోవాలా, వీపున వేసుకోవాలా అన్న ప్రస్తావనే రాలేదు. పైగా వెళ్లేముందు భుజాలను వెనక్కి లాగిపట్టే బెల్టు ఒకటి అమ్మజూపారు. ఆ డబ్బుతో వెడల్పైన మెత్తటి పట్టీలున్న సంచి కొనడం మేలని నా అభిప్రాయం.

వెళ్లదలచినవారు సంచిని ముందురోజు సర్దకుండా, ఉన్నదున్నట్టు పట్టుకెళ్లాలి. తల్లులు తేలిక చేసి పంపిన సంచులకు ఆ తూకంలో తేలినదేమీ లేదు.