పదకొండు మాటల ఫ్రెంచ్ కవిత: ఒక వర్క్‌బుక్‌తో ఒక టర్మ్

ఫ్రెంచ్ మొదలుపెట్టిన మొదటి నెలలోనే పిల్లల చేత కవితలు రాయిస్తామని అట్ట మీద వేసుకున్న వర్క్‌బుక్ ఇది. నేను నమ్మలేదు. తమ పేరు, వయసు చెప్పడానికే తడుముకునేవాళ్లు కవిత ఏం రాస్తారు? అయినా ఏడో తరగతిలో ఒక టర్మ్ అంతా దీంతోనే నడిపాను. తిట్టాల్సినవి ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇలాంటిది కొనేముందు ఏ పేజీలు తిప్పి చూడాలో మాత్రం చెబుతాను.

ముందు మెచ్చుకోవాల్సింది సింక్వేన్ పాఠం. అయిదు పాదాల కవిత. మొదటి పాదంలో ఒక నామవాచకం, రెండో దాంట్లో రెండు విశేషణాలు, మూడో దాంట్లో మూడు క్రియలు, తర్వాత నాలుగు మాటల వాక్యం, చివర మళ్లీ ఒక్క మాట. మొత్తం పదకొండు. ఈ రూపాన్ని మొదలుపెట్టిన అమెరికన్ కవయిత్రి అడిలైడ్ క్రాప్సీ మాటలు కాదు, సిలబుల్స్ (మాటలో ఒక్క ఊపున పలికే ముక్కలు) లెక్కపెట్టింది: 2, 4, 6, 8, 2. మాటల లెక్క తర్వాత బడుల కోసం వచ్చిన సులువు దారి. పుస్తకం ఈ తేడా చెప్పదు, పిల్లలకి అక్కర్లేదు కూడా. కానీ 'లా', 'ల' లాంటి ఆర్టికల్‌ని మాటగా లెక్కపెట్టాలా వద్దా అన్నది చెప్పాలి కదా! దాని మీద క్లాసులో పది నిమిషాలు గొడవ. ఆర్టికల్ నామవాచకానికి తోక, విడిగా లెక్కలేదు, కానీ రాయకపోతే ఊరుకోను అని తేల్చాను. ఆ తోక లేకుండా నేర్చుకున్న మాటకి లింగం గుర్తుండదు.

ఈ పాఠంలో అసలు తెలివి రెండో పాదంలో ఉంది. ఒకమ్మాయి వాన మీద రాసింది. 'లా ప్లుయీ' అని మొదలుపెట్టి, కింద 'గ్రీ, ఫ్రువా' అని పెట్టింది. బూడిద రంగు, చల్లన అని. నేనేమీ దిద్దలేదు, పైకి చదవమన్నాను. చదివింది, ఆగింది. ప్లుయీ స్త్రీలింగం కదా అని తనే 'గ్రీజ్, ఫ్రువాద్' అని మార్చుకుంది. రాతలో మారింది ఒక్కో అక్షరమే. కానీ నోట్లో మాత్రం లేని హల్లులు వచ్చి కూర్చున్నాయి. విశేషణానికి లింగం మారితే ఏమవుతుందో పట్టిక వేసి మూడు పీరియడ్లు చెప్పినా ఎక్కనిది, రెండు మాటల పాదంలో ఎక్కింది. నాలుగో పాదం 'ఎల్ పార్ల్ సాఁ బూష్', అంటే నోరు లేకుండా మాట్లాడుతుంది. నోటికి ఏమంటారో నన్ను అడిగి మరీ రాసింది. చివరి మాట 'లో', నీళ్లు. ఈ, ఏ, యూ అని మూడక్షరాలు రాసి 'ఓ' అనడమేమిటని క్లాసంతా నవ్వు. ఒకడు లేచి, "నీళ్ల 'లో' అంటే సరిపోతుంది కదా టీచర్" అన్నాడు. ఆ మాట ఇక ఎవరూ మర్చిపోరు.

హైకూ దగ్గరికొచ్చేసరికి పుస్తకం చతికిలబడింది. మూడు పాదాల్లో 5, 7, 5 సిలబుల్స్ లెక్కపెట్టమని చెప్పి వదిలేశారు. 'ఉన్ పెతీత్ తాబ్ల్', ఒక చిన్న బల్ల. ఆడియోలో వింటే నాలుగు సిలబుల్స్. జవాబుల పుస్తకంలో ఆరు. రెండూ తప్పు కాదు, అదే తంటా. మామూలు మాటలో మింగేసే 'ఈ' (e) అక్షరాన్ని సంప్రదాయ ఫ్రెంచ్ పద్యంలో హల్లు ముందు పలికి లెక్కపెడతారు. అచ్చు ముందు, పాదం చివర లెక్కలోకి తీసుకోరు. అందుకే 'ఉ-న-పె-తీ-త-తాబ్ల్' ఆరయింది. ఈ రెండు వాక్యాలు పుస్తకంలో ఎక్కడా లేవు. పిల్లలు నా మొహం చూస్తుంటే నాకు టెన్షన్.

ఇక్కడ మనవాళ్లకో వెసులుబాటు ఉంది. మాట చివర అచ్చు లేనిదే తెలుగు నోరు ఊరుకోదు. 'పెతీత్'ని 'పెతీతు' అంటారు, నేను ఏడాది పొడవునా దిద్దుతూనే ఉంటాను. పద్యం లెక్కకి మాత్రం ఆ అలవాటే పనికొచ్చింది. "ఇవాళ ఒక్కరోజు మీ ఇష్టం" అన్నాను. కాకపోతే పాదం చివర కూడా 'తాబ్లు' అని ఏడు చేశారు, అది వేరే సంగతి.

డయమాంటే, అంటే వజ్రం ఆకారంలో వచ్చే కవిత, ఆ పేజీ వదిలేయొచ్చు. సింక్వేన్‌లో క్రియలకి తోంబే, షాఁతే, దోర్మీర్ అని మూలరూపాలు పెట్టించి మంచి పని చేసినవాళ్లు, ఇక్కడికొచ్చి ఇంగ్లీషు నమూనాని అలాగే దించేశారు. ఇంగ్లీషులో ఐఎన్‌జీ ఉన్నచోటల్లా 'ఆఁ' అని ముగిసే రూపం రాయమన్నారు. ఫ్రెంచ్‌లో ఆ రూపాన్ని అంత ధారాళంగా వాడరు. ఆ తర్వాత రెండు వారాలు ఏ వాక్యం రాయమన్నా అదే వచ్చింది.

బొమ్మ ఆకారంలో రాసే కవితలు ఒక పాఠం. గియోమ్ అపొలినేర్ 1918లో వేసిన సంపుటితో పేరొచ్చిన రూపం అది. పిల్లలకి పండగే, గొడుగు గీయడానికి అరగంట, రాయడానికి అయిదు నిమిషాలు. ఆఖరి పీరియడ్‌కి బాగుంటుంది.

ఆడియోలో గొంతులు స్పష్టంగా ఉన్నాయి. కానీ నెమ్మదిగా చదివిన రికార్డింగ్ ఒక్కటీ లేదు. ప్రచురణకర్తలకి హైకూ సంగతి రాస్తే, తర్వాతి ముద్రణలో చూస్తామని ఒక్క లైను జవాబు వచ్చింది.

ఫ్రెంచ్ బాగా వచ్చిన టీచర్ చేతిలో పెడితే అయిదుకి మూడున్నర ఇస్తాను. తనూ పిల్లలతో పాటే నేర్చుకుంటున్న టీచర్‌కైతే రెండు. నేను వచ్చే టర్మ్‌లోనూ దీన్నే తీస్తాను, సింక్వేన్‌కి ఒక వారం బదులు మూడు వారాలు ఇచ్చి. హైకూ పేజీల మీద నా నోట్సు అంటించేశాను.