లంక కూర పట్నానికి ఏ దారిన వస్తే మేలు?

మా పిన్ని ధవళేశ్వరానికి దిగువన, గోదావరి మధ్య ఓ లంకలో అర ఎకరం కౌలుకి చేస్తుంది. బెండ, వంగ, పందిరి మీద బీర. బెండకాయ రోజు విడిచి రోజు కోయాల్సిందే, లేకపోతే ముదిరిపోతుంది. కోసి కోసి, ఆ నూగుకి వేళ్లు దురదపెట్టి ఎర్రబడతాయి. ఆ కాయ రాజమండ్రిలో మన వంటింటికి చేరడానికి మూడు దారులున్నాయి.

గట్టు మీదే దళారికి ఇచ్చేయడం సుళువు. ఆటో ఖర్చుండదు, టెన్షన్ ఉండదు. కాకపోతే విత్తనాలకి అప్పిచ్చిందీ ఆయనే, ధర చెప్పేదీ ఆయనే. ఇక బేరం ఎక్కడిది?

రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. అక్కడ రైతుకి అద్దె లేదు, దళారీ లేడు. పొద్దున్నే బోర్డు మీద రాసే ధర హోల్‌సేల్‌కి పైన, బయటి చిల్లర ధరకి కింద ఉంటుంది. పిన్నికీ మనకీ ఇదే మేలని నా గట్టి నమ్మకం. అయితే కూర్చోవాలంటే కార్డు కావాలి, కార్డుకి పొలం కాగితం కావాలి. 2019 సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు తీసుకుందామంటే 11 నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. పిన్ని రెండేళ్లుగా అడుగుతోంది, ఆయన పెట్టడం లేదు. సొంత భూమి ఉన్న ఇళ్లలో కూడా పాస్‌బుక్ ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటుంది. కాబట్టి తోటలో పనిచేసేది ఎవరో గ్రామ సచివాలయం సిబ్బంది గట్టు మీదకి వచ్చి చూసి, ఆమె పేరునే కార్డు ఇప్పించాలి. ఇంకోటి, తెల్లవారుజామున నాలుగింటికి ఇల్లు కదిలిన ఆడమనిషికి బజారులో శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. కార్పొరేషన్ తలుచుకుంటే ఇదేమంత పెద్ద పని కాదు.

మూడోది, వార్డులోనే డ్వాక్రా సంఘానికి చిన్న చోటివ్వడం. బజారు దాకా రాలేని ముసలివాళ్లకి, కూలికి పోయేవాళ్లకి ఇది చాలా మంచిది. పదిమంది కాయ ఇద్దరే వంతులవారీగా తెచ్చి అమ్మితే మిగతావాళ్లకి తోటపని ఆగదు. కానీ అమ్ముడుపోని తోటకూర సాయంత్రానికి వాడిపోతుంది. అందుకే దీన్ని రైతుబజారుకి తోడుగా పెట్టాలంటాను, బదులుగా వద్దు.

ఇక వరద సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే లంకల్లో తోటలు నీళ్లలో ఉంటాయి. 2022 జూలైలో పిన్ని పందిరి మొత్తం పోయింది. దళారి ఇంకోచోట కొనుక్కున్నాడు, పట్నానికి కూర ఇంకెక్కడినుంచో వచ్చింది, అప్పు మాత్రం ఆమెకే మిగిలింది. వరద తీసి, ఒండ్రు ఆరగానే బెండ విత్తనాలు, వంగ నారు ఊరికే చేతికందిస్తే ఆమె మళ్లీ దళారి దగ్గర చెయ్యి చాపనక్కర్లేదు. నారు పెంచడానికి కడియం నర్సరీలు పక్కనే ఉన్నాయి. బెండ విత్తిన నెలన్నరకే కోతకొస్తుంది.