కౌలాలంపూర్‌లో ఆఖరి రాత్రి: బ్రిక్‌ఫీల్డ్స్‌లోనా, ఎయిర్‌పోర్ట్ పక్కనా?

పొద్దున 7 గంటల ఫ్లైట్ అయితే సెపాంగ్‌లో, ఎయిర్‌పోర్ట్ దగ్గరే పడుకోండి. టెన్షన్ ఉండదు. కానీ ఊరు అక్కడికి దాదాపు 50 కిలోమీటర్లు, సాయంత్రమంతా గదిలోనే.

పది దాటాక ఫ్లైట్ అయితే నా ఓటు ఊళ్లోని ‘లిటిల్ ఇండియా’ పేట బ్రిక్‌ఫీల్డ్స్‌కే. కేఎల్ సెంట్రల్ స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. అక్కణ్నుంచి ఎయిర్‌పోర్ట్ రైలు కేఎల్ఐఏ ఎక్స్‌ప్రెస్‌లో టెర్మినల్ 1కి 28 నిమిషాలు, టెర్మినల్ 2కి 33. ట్రాఫిక్ బెడదే లేదు. (మీది ఏ టెర్మినలో రాత్రే చూసుకోండి.)

అన్నిటికన్నా ఆ రాత్రి భోజనం! అరిటాకులో వేడన్నం, చేతికి చారు కారుతుంటే జుర్రుకుని, ఆకు మడిచి లేచేసరికి సగం ఇంటికొచ్చేసినట్టే ఉంటుంది. తర్వాత పూలదండల కొట్ల మీదుగా నడక, నురగ తేలిన తే తారిక్ (అక్కడి పాల టీ). మిగిలిన రింగిట్లు అక్కడే ఖర్చుపెట్టేయండి, రైలు టికెట్ డబ్బులు మాత్రం పక్కన ఉంచుకుని.