"టీకా వేసిన విత్తన పొట్టేళ్లు" అంటే నమ్మకండి, రక్తపరీక్ష అడగండి

విత్తన పొట్టేళ్లు కొనబోతున్న గొర్రెల పెంపకందారులకు ఈ హెచ్చరిక. చూడి జీవాలకు గర్భం పోయేలా చేసే ఈసుకుపోవు రోగానికి, అంటే బ్రూసెల్లోసిస్‌కు, టీకా వేయించామని కాగితం చూపి ఒక వ్యాపారి మాకు నెల్లూరు జాతి పొట్టేళ్లను ఎక్కువ ధరకు అమ్మాడు. మందలో కలిపే ముందు పశువైద్యుల సలహాపై రక్తం పరీక్షకు పంపగా, కొన్నింటికి రోజ్ బెంగాల్ పరీక్షలో (ఈ రోగానికి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను పట్టే పరీక్ష) పాజిటివ్ వచ్చింది. వెనక్కి తీసుకోమంటే, "టీకా వేసిన జీవానికి అలాగే వస్తుంది, టీకా పనిచేసిందనడానికి అదే రుజువు" అన్నాడు.

ఆ మాటలో సగం నిజం ఉండటమే అసలు ప్రమాదం. మధ్యధరా దేశాలలో గొర్రెలకు, మేకలకు వాడే రెవ్-1 టీకాలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది. అది వేశాక రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను రోగం వల్ల పుట్టిన వాటి నుంచి ఈ పరీక్ష వేరుచేయలేదు. అక్కడ దానిని సాధారణంగా 3 నుంచి 6 నెలల వయసు పిల్లలకు, కంటిలో చుక్కగా వేయడానికి ఒక కారణం ఇదే; అలా వేస్తే ఆ ప్రతిరక్షకాలు త్వరగా తగ్గిపోతాయి. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద వేసే ఎస్-19 టీకా మాత్రం 4 నుంచి 8 నెలల ఆవు, గేదె ఆడ దూడలకే పరిమితం. మరి ఎదిగిన పొట్టేలుకు ఏ టీకా వేశారు? మాకిచ్చిన కాగితంలో టీకా పేరు గానీ, బ్యాచ్ నంబరు గానీ, తేదీ గానీ, వైద్యుడి సంతకం గానీ లేవు. పీపీఆర్ (పారుడు రోగం), చిటుక రోగం, బొబ్బ రోగం టీకాలు వేయించి ఉండవచ్చు; అవి అవసరమైనవే అయినా ఈ రోగాన్ని ఆపవు.

కాబట్టి టీకా కాగితానికి అదనపు ధర ఇవ్వకండి. బేరం కుదిరాక, సొమ్ము చెల్లించక ముందే, మీరు పిలిపించిన పశువైద్యుడి చేత రక్తం తీయించండి. పరీక్షలో నెగెటివ్ వచ్చినా వృషణాలను చేతితో తడిమి చూడమనండి. ఒకటి పెద్దదిగా ఉన్నా, అడుగు భాగంలో గట్టి గడ్డ తగిలినా ఆ పొట్టేలును వదిలేయడం మేలు, ఎందుకంటే పొట్టేళ్ల వృషణాలకు సోకే బ్రూసెల్లా ఓవిస్ అనే మరో రకం సూక్ష్మజీవి రోజ్ బెంగాల్ పరీక్షకు చిక్కదు. గడ్డ లేనంత మాత్రాన రోగం లేదనుకోవడానికీ వీల్లేదు. కొన్నాక కూడా వాటిని విడిగా కట్టి, రెండోసారి పరీక్ష చేయించాకే మందలోకి వదలండి.

మందలో చూడి గొర్రెలు ఈసుకుపోతుంటే పిండాన్ని, మావిని వట్టి చేతులతో ముట్టుకోకండి. ఈ రోగం మనుషులకూ సోకి, వచ్చిపోయే జ్వరంతో, కీళ్ల నొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది.