నాలుగేళ్ళ వాక్యూమ్ క్లీనర్, మా రాగి పడుకునే మూల

ఏడువేల రెండువందలు పోసి వాక్యూమ్ క్లీనర్ కొన్నానని తెలిసి చుట్టాలంతా నవ్వారు. చెన్నై వడపళనిలో మాది పాతకాలపు మొజాయిక్ నేల, ఇంట్లో తివాచీ ముక్క కూడా లేదు. చీపురు, తడిగుడ్డ చాలవా అన్నారు. 2021 ఆగస్టులో కొన్న ఆ యంత్రాన్ని ఇప్పటికీ వారానికి మూడుసార్లు వాడుతున్నాను. నవ్వినవాళ్ళలో ఇద్దరు దాన్ని అరువు కూడా తీసుకెళ్ళారు.

కొనడానికి కారణం మా కుక్క రాగి. చిప్పిపారై అనే తమిళనాడు వేటకుక్క జాతి రక్తం కొంచెం, మా వీధి రక్తం ఎక్కువ. ఆ ఏడాది తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయేదాకా కొరుక్కునేది. మా నెల్లూరు ఇంట్లో కుక్క ఒంటి మీద పాకే ప్రతిదీ గోమారే, కాబట్టి ఇదీ గోమారే అనుకున్నాం. వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరు ఆ చోట దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి దూది మీద వేశారు. చుట్టూ ఎర్రగా రంగు దిగింది. అది మట్టి కాదు, మిన్నల్లుల రెట్ట. అవి తాగిన నెత్తురే అలా ఎండి రాలుతుంది. అతుక్కుని కదలనిది గోమారి, గెంతేది మిన్నల్లి అని ఆ రోజు తెలిసింది.

అంతవరకు నా యుద్ధమంతా కుక్క ఒంటి మీదే. మెడకు మందు పట్టీ కట్టాను, వేపాకు నీళ్ళు పోశాను, అత్తగారి సలహా మీద బీరువా కింద కలరా ఉండలు కూడా పెట్టాను. ఉండల సంగతి వినగానే డాక్టరు ముఖం మారింది. కుక్క మింగితే ప్రాణం మీదికి వస్తుంది, ఈ రోజే తీసేయండి అన్నారు. ఆ మాట అత్తగారికి చేరవేసే పని మా ఆవిడకు అప్పగించాను.

ఆయన చెప్పిన లెక్క నన్ను కలవరపెట్టింది. కుక్క మీద తిరిగే మిన్నల్లులు మొత్తంలో నూటికి అయిదు వంతులే. మిగతావన్నీ గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూడు కట్టుకున్న ప్యూపాలుగా ఇంట్లోనే ఉంటాయి. ఒక్క ఆడది రోజుకు నలభై దాకా గుడ్లు పెడుతుంది, అవి వెంట్రుకలకు అంటుకోవు. రాగి ఎక్కడ ఒళ్ళు విదిలిస్తే అక్కడ విత్తనాలు చల్లినట్లే. గాలిలో తేమ బాగా తగ్గితే పురుగులు ఎండిపోతాయట. చెన్నైలో మనకు ఆ అదృష్టం ఎక్కడిది!

అందుకే కొన్న ఆ యంత్రంలో నాకు నిజంగా అక్కరకు వచ్చింది పెద్ద బ్రష్షు కాదు, సన్నటి ముక్కున్న చిన్న గొట్టం. గోడ, నేల కలిసే చోట, సోఫా మడతల్లో, మంచం కోళ్ళ దగ్గర అదే పని చేస్తుంది. తడిగుడ్డ గుడ్లను ఎత్తేయదు, పగుళ్ళలోకి నెడుతుంది. అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో పరీక్షించి, వాక్యూమ్ చేస్తే పెద్ద మిన్నల్లుల్లో నూటికి 96 చచ్చాయని చెప్పారు. అది తివాచీ మీద చేసిన పరీక్ష, మా నేల లెక్క వేరు కావచ్చు. కానీ యంత్రం దుమ్ము సంచిలోంచి మళ్ళీ బతికి వస్తాయేమోనన్న నా భయం మాత్రం దానితో పోయింది.

ఒక దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది. 2022 సంక్రాంతికి రాగిని వెంటబెట్టుకుని పన్నెండు రోజులు నెల్లూరు వెళ్ళాం. తిరిగొచ్చి తాళం తీసి హాల్లో నాలుగడుగులు వేశానో లేదో, తెల్ల సాక్సుల మీద ఆవాలు చల్లినట్లు నల్లటి చుక్కలు. అన్నీ కదులుతున్నాయి! గూళ్ళలో ఎదిగినవి అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలేదాకా నెలల తరబడి కాచుకుని కూర్చుంటాయట. ఖాళీ ఇల్లు వాటికి నిద్ర, మా రాక వాటికి మేలుకొలుపు. డబ్బు దండగ అనిపించింది. ఫోనులో డాక్టరు మాత్రం, మూడు వారాలు రోజూ యంత్రం తిప్పండి, ఆ అదురుకే మిగిలినవి బయటికి వస్తాయి అన్నారు. అంతకుముందు రెండు నెలలు రాగికి మిన్నల్లులను చంపే నెలవారీ మాత్ర వేయలేదని అప్పుడు ఒప్పుకున్నాను. మాత్ర వేసిన కుక్కను కుట్టిన మిన్నల్లి బతకదు, కొత్త గుడ్లు రావు. మాత్ర లేకుండా యంత్రం ఒక్కటే ఈ పని చేయలేదు. మూర్ఛలు వచ్చే కుక్కయితే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి, ఈ మాత్రలు అందరికీ ఒకటి కావు.

లోపాలు లేకపోలేదు. మోత భరించలేం, ఇరవై నిమిషాలకే మోటారు వేడెక్కుతుంది. మూడో ఏడు గొట్టం వంపు దగ్గర చీలింది, కొత్తదానికి తొమ్మిది వందలు. గోమార్ల విషయంలో దాదాపు నిరుపయోగం. అవి గోడలెక్కి తలుపు చట్రం పగుళ్ళలో గుడ్లు పెడతాయి, వాటికి టార్చిలైటూ పట్టకారూ పట్టుకుని వెతకాల్సిందే. రాగి చాప గుడ్డలు వేడినీళ్ళలో ఉతకడం కూడా నా నెత్తినే పడింది.

ఈ నమూనా తయారీ ఆపేశారని పోయిన నెల దుకాణంలో విన్నాను. ఉన్న కాగితపు సంచులన్నీ కొనేశాను, పద్దెనిమిది దొరికాయి.