స్పీకర్ వైరు తేడా తేల్చాలంటే: చూస్తూ వినాలా, చూడకుండా వినాలా, లెక్క వేయాలా?

మా హాల్లో ఆంప్లిఫైయర్ ఒక మూల, కుడివైపు స్పీకర్ ఇంకో మూల. గోడ వెంబడి తిప్పుకొస్తే పది మీటర్ల వైరు పడుతుంది. స్పీకర్లు కొన్నప్పుడు షాపతను బొటనవేలంత లావు వైరు తగిలించి, ధర చెప్పి, "మీరే విని చెప్పండి సార్" అన్నాడు. తంబురా శ్రుతి పెట్టించుకుని విన్నాను. అంతకుముందు లేని నిండుతనం ఏదో వినపడింది. ఇంటికొచ్చే దారిలో అనుమానం పట్టుకుంది: ఆ నిండుతనం వైరుదా, ధర తెలిసిన నా మనసుదా?

ఇది తేల్చడానికి మూడు దారులున్నాయి.

మొదటిది అందరూ చేసేదే, ఏ వైరు తగిలించామో తెలిసే వినడం. ఒత్తిడి ఉండదు, మనకిష్టమైన సంగీతంతో వారాల తరబడి వినొచ్చు, రేపు వాడుకునేదీ అలాగే కదా అంటారు దీన్ని ఇష్టపడేవాళ్ళు. ఆ మాటలో నిజముంది. కానీ వైరు విప్పి మళ్ళీ బిగించేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. నాదంలోని సన్నని ఛాయలు మన జ్ఞాపకంలో అంతసేపు నిలవవు. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. 1994లో ఆడియో పరికరాలు చేసే హార్మన్ కంపెనీలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ కలిసి 40 మందికి అవే స్పీకర్లను ఒకసారి తెర చాటున, ఒకసారి ఎదురుగా పెట్టి వినిపించారు. కంటికి కనబడేసరికి మార్కులు మారిపోయాయి. పెద్దగా, ఖరీదుగా కనబడేవాటికి పెరిగాయి, చిన్నదానికి తగ్గాయి. స్పీకర్ల మధ్య ఉండే తేడా వైర్ల మధ్య తేడా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత స్పష్టమైన విషయంలోనే తీర్పు మారిందంటే, వైర్ల దగ్గర కంటి మాటను నేను నమ్మలేను. ఆ 40 మందీ అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు అలాగే వినపడింది. షాపులో నాకూ అలాగే వినపడింది.

రెండోది చూడకుండా వినడం. దీనికి బాగా కుదిరిన రూపం ఏబీఎక్స్ పరీక్ష. 1950లో అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌కు చెందిన మన్సన్, గార్డ్‌నర్ ఈ పద్ధతి గురించి రాశారు. 1982లో డేవిడ్ క్లార్క్ దీన్ని ఆడియో పరికరాలకు పనికొచ్చే స్విచ్ పెట్టెగా వివరించాడు. ఏ అంటే ఒక వైరు, బీ అంటే ఇంకోటి, ఎక్స్ అంటే ఆ రెండిట్లో ఏదో ఒకటి. అదేదో వినేవాళ్ళకే కాదు, పక్కనున్నవాళ్ళకూ తెలియదు. మీట నొక్కగానే వైరు మారిపోతుంది కాబట్టి జ్ఞాపకం చెదరదు. కావలసినన్ని సార్లు తిప్పి విని, ఎక్స్ ఏదో చెప్పాలి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే, అది కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం 4 శాతం లోపే.

"ఈ పరీక్షలో ఏ తేడా ఎప్పుడూ బయటపడదు, పరీక్షే చెవిటిది" అన్నది దీనిమీద ఉన్న పెద్ద అభ్యంతరం. నాకు చాలాకాలం ఇది న్యాయమైన మాటే అనిపించింది. 1983లో అమెరికా పత్రిక స్టీరియో రివ్యూలో లారెన్స్ గ్రీన్‌హిల్ చేసిన పరీక్ష గురించి చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. ఆయన మూడు వైర్లు తీసుకున్నాడు: సన్నటి 24 గేజ్ (గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది), మామూలు టేబుల్ లైటుకు వాడే 16 గేజ్, ఖరీదైన మాన్‌స్టర్ కేబుల్. సుమారు 50 గంటల పరీక్ష తర్వాత తేలిందేమిటంటే, సంగీతం విన్నప్పుడు లైటు వైరుకీ మాన్‌స్టర్‌కీ తేడా పట్టుకోలేకపోయారు, కానీ ఆ రెండూ 24 గేజ్ కంటే మెరుగని తెలిసింది. అంటే పరీక్ష చెవిటిది కాదు. తేడా ఉన్నచోట పట్టుకుంది.

ఎందుకు పట్టుకుందో మా హాలు లెక్కే చెబుతుంది. పోను పది, రాను పది, మొత్తం 20 మీటర్ల రాగి. మనవాళ్ళు అర ఎంఎం అనే 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే సుమారు 0.69 ఓమ్‌ల నిరోధం. ఇళ్ళలో ప్లగ్ పాయింట్లకు లాగే 2.5 ఎంఎం వైరైతే 0.14 ఓమ్‌లే. స్పీకర్ నిరోధం అన్ని శ్రుతుల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకచోట 4 ఓమ్‌లకు దిగి, ఇంకోచోట 20 దాకా లేచే స్పీకర్ ఉందనుకోండి. సన్న వైరు శబ్దాన్ని మొదటి చోట 1.4 డెసిబెల్, రెండో చోట 0.3 డెసిబెల్ తినేస్తుంది (డెసిబెల్ అంటే శబ్దం కొలత). శబ్దం తగ్గడం ఒక్కటే అయితే వాల్యూమ్ పెంచి సరిచేయొచ్చు. ఇక్కడ స్వరాల మధ్య సమతూకమే ఒక డెసిబెల్‌కు పైగా మారింది, దాన్ని చెవి పట్టుకోగలదు.

అందుకే ఏ పరీక్షకైనా ముందు సన్న వైరునే పోటీకి పెట్టాలంటాను. దాన్ని పట్టుకోలేని పరీక్షలో ఖరీదైన వైరు ఓడిందన్నా గెలిచిందన్నా అర్థం లేదు. స్విచ్ పెట్టె తేడాను మింగేస్తుందన్న అభ్యంతరానికీ ఇదే జవాబు.

పదిసార్లు విని "తేడా లేదు" అనేయడం కూడా తప్పే. తేడాను నిజంగా 70 శాతం సార్లు గుర్తించగల మనిషి ఉన్నాడనుకోండి. పదికి తొమ్మిది ఒప్పయితేనే పాస్ అంటే, అతను పాసయ్యే అవకాశం 15 శాతమే. 50 సార్లు పెట్టి 32 ఒప్పులు చాలంటే అది 85 శాతం దాటుతుంది. జాషువా రైస్ 2016లో, వైర్ల మీద కాదు గానీ హైరిజల్యూషన్ ఆడియో (సీడీ కంటే ఎక్కువ వివరంతో చేసిన రికార్డింగు) మీద జరిగిన 18 ప్రయోగాలను కలిపి చూశాడు. 12,500కు పైగా ప్రయత్నాల్లో ఒప్పులు 52.3 శాతం; ఊరికే ఊహించి చెబితే 50 శాతం వస్తాయి. అంత సన్నని తేడా కూడా కొలతకు అందింది, శిక్షణ పొందినవాళ్ళలో ఇంకా బాగా కనబడింది. చూడకుండా వినడంలో లోపమల్లా ఓపిక తక్కువైనప్పుడే.

మూడో దారి లెక్క. పైన చేసిందే. చవక మల్టీమీటర్ ఇంత చిన్న నిరోధాన్ని సరిగ్గా చూపదు కాబట్టి పొడవు, మందం తెలిసి లెక్క వేసుకోవడమే నయం. సీడీ ప్లేయర్ లాంటివాటి నుంచి ఆంప్లిఫైయర్‌కు వెళ్ళే మీటరు పొడవు ఆర్‌సీఏ వైరుకు ఇలాంటి లెక్క వేస్తే, దాని ప్రభావం మన వినికిడికి అందని లక్షల హెర్ట్జ్ దగ్గర ఎక్కడో మొదలవుతుంది. గ్రామఫోన్ రికార్డుల ప్లేయర్‌కు మాత్రం జాగ్రత్త. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డు మీది ముల్లు ఉండే భాగంలో ఒక రకం) వాడితే, వైరు కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలవుంచుకునే గుణం, పై స్వరాలను మార్చేస్తుంది.

ఏది మేలంటే, వైరు కొనడానికి లెక్క చాలు. లెక్క మీద నమ్మకం కుదరకపోతే, ఎవరైనా "నాకు వినపడుతోంది" అని గట్టిగా అంటే, చూడకుండా వినడం తప్ప ఇంకో న్యాయమైన దారి నాకు కనబడలేదు. స్విచ్ పెట్టె లేకపోయినా చేయొచ్చు. బావమరిదిని తెర వెనక కూర్చోబెట్టి, ప్రతిసారీ రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మకు ఒకటి, బొరుసుకు ఒకటి తగిలించమనాలి. వైరు మారకపోయినా విప్పి బిగించాలి, మాట్లాడకూడదు, ఏది తగిలించాడో కాగితం మీద రాసుకోవాలి. ఎదురెదురుగా కనబడకుండా ఉండాలి, ఎందుకంటే ముఖమే చెప్పేస్తుంది. ఇందులో మార్చడానికి సమయం పడుతుంది కాబట్టి మరీ సన్నని తేడాలు జారిపోతాయి, అదొక్కటే లోటు.

మా గోడ వెంబడి ఇప్పుడు నడుస్తున్నది 2.5 ఎంఎం రాగి వైరు. షాపు వైరుకు పెట్టాల్సిన డబ్బుతో కిటికీలకు మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా వచ్చాయి. గది మోత తగ్గింది. ఆ తేడా వినడానికి కళ్ళు మూసుకోనక్కర్లేదు.